మన సముద్రంలో లేని పగడాల గురించి పిల్లలకి ఏం చెప్పాలి?

గార మాస్టారు • శనివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. గార మండలంలో సముద్రానికి దగ్గర్లో ఉన్న ఒక హైస్కూల్లో సైన్సు చెప్తాను. ఈసారి మా ఎకో క్లబ్‌కి వచ్చిన అంశం "వాతావరణ మార్పు, పగడపు దిబ్బల రక్షణ". పోస్టర్లు, వ్యాసరచన, ఊళ్ళో ర్యాలీ... మామూలు తంతే. నేనూ మామూలుగానే ఒక వీడియో పెట్టాను. పగడపు దిబ్బలు సముద్రం అడుగున ఒక్క శాతం చోటు కూడా ఉండవు గానీ సముద్రంలో ఉండే జీవజాతుల్లో దాదాపు పావు వంతుకి అవే ఇల్లు అని చెప్పాను.

ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి లేచింది. "మాస్టారూ, మా నాన్న ఇరవై ఏళ్ళ బట్టీ వేటకెళ్తన్నాడు. ఇలాంటివి ఎప్పుడూ చూళ్ళేదంట. మన సముద్రంలో ఎందుకు లేవు?" అని అడిగింది. రేపు చెప్తానమ్మా అన్నాను. ఆ రేపు వచ్చి వారం దాటింది. పుస్తకంలో లేదు, నాకూ సరిగ్గా తెలీదు.

ఇంకో సంగతి. స్టాఫ్ రూమ్‌లో ఒకరు, పాత టైర్లు సముద్రంలో వేయిద్దాం, పగడాలు పడతాయి, పేపర్లో ఫోటో కూడా వస్తుంది అంటున్నారు. అది మంచి పనేనా? తెలిసినవాళ్ళు చెప్పండి.

వైజాగ్ ల్యాబ్ • శనివారం, రాత్రి 10:05

మాస్టారూ, నమస్తే. మాది రాజాం. వైజాగ్‌లో మెరైన్ బయాలజీ చదువుతున్నాను. ఆ పిల్ల అడిగింది చాలా మంచి ప్రశ్న.

పగడం అంటే చిన్న జంతువు. దాని ఒంట్లో కంటికి కనపడనంత చిన్న నాచు కాపురం ఉంటుంది. ఎండలో ఆ నాచు తిండి వండుతుంది, పగడం తినే తిండిలో ఎక్కువ భాగం అదే. అంటే నాచుకి వెలుగు అందాలి, నీళ్ళు తేటగా ఉండాలి. ఇప్పుడు ఆగస్టులో కళింగపట్నం దగ్గర వంశధార సముద్రంలో కలిసే చోటు గుర్తు తెచ్చుకోండి. నీళ్ళు ఏ రంగులో ఉంటాయి? టీ రంగులో. ఆ ఒండ్రు మట్టి కిందకి దిగి పగడాన్ని కప్పేస్తుంది, వెలుగునీ ఆపేస్తుంది. పైగా అంత మంచినీరు ఒక్కసారి వచ్చి పడితే ఉప్పదనం తగ్గిపోతుంది, అదీ పడదు. నాగావళి, వంశధార, పైన మహానది, కింద గోదావరి, ఇన్ని నదులు వచ్చి పడే తీరంలో పెద్ద పగడపు దిబ్బ కట్టుకోవడం కష్టం.

అలాగని అసలు లేవని చెప్పకండి. పూడిమడక నుంచి భీమిలి దాకా సముద్రంలో రాళ్ళ మీద అక్కడక్కడా పగడాలు ఉన్నట్టు సర్వేల్లో తేలింది. దిబ్బలు కావు. రాయిని పట్టుకుని బతుకుతున్న చిన్న చిన్న గుంపులు.

ఇచ్ఛాపురం తాతయ్య • ఆదివారం, ఉదయం 6:20

చిన్న సందేహం, అడ్డం వస్తున్నాను. మా ఆవిడ వేలికి కుజ దోషానికని పగడం ఉంగరం ఉంది. ఇదీ అదీ ఒకటేనా? ఒకటే అయితే తీయించేస్తాను, ఈ వయసులో కుజుడు మమ్మల్ని ఏం చేస్తాడులెండి.

వైజాగ్ ల్యాబ్ • ఆదివారం, ఉదయం 8:41

హహ, తీయించకండి తాతయ్యా, అమ్మమ్మ ఒప్పుకోదు. ఉంగరంలో పెట్టే ఎర్ర పగడం ఎక్కువగా మధ్యధరా సముద్రం నుంచి వచ్చేది. దాని ఒంట్లో నాచు ఉండదు, అది దిబ్బలు కట్టదు. చుట్టరికం ఉంది గానీ ఇంటిపేరు వేరు.

టెక్కలి సెంటర్ • ఆదివారం, ఉదయం 9:30

ఏమీ అనుకోకండి మాస్టారూ, కొంచెం కటువుగా రాస్తాను. మన దగ్గర లేనిదాన్ని కాపాడమని మన పిల్లల చేత ర్యాలీ చేయించడమేంటి? మూలపేటలో పోర్టు కడుతున్నారు. తిత్లీ తుఫానులో, 2018లో, ఉద్దానంలో కొబ్బరి చెట్లు వరసగా పడిపోయాయి, ఆ నష్టం నుంచి కొందరు ఇంకా తేరుకోలేదు. మత్స్యకారుల పిల్లలు పదో తరగతి అయ్యేసరికి గుజరాత్ బోట్లు ఎక్కుతున్నారు. వాళ్ళకి పగడాలు ఎందుకు? అంశం ఇచ్చినాయన ఎప్పుడైనా మన రేవు చూశాడా?

దీవుల్లో సోంపేట • ఆదివారం, మధ్యాహ్నం 1:15

టెక్కలి అన్నా, మన దగ్గర లేదు, నిజం. కానీ మనవాళ్ళు ఉన్న చోట ఉంది.

మాది సోంపేట దగ్గర పల్లె. 2001 నుంచి పోర్ట్ బ్లెయిర్‌లో ఉంటున్నాను (ఇప్పుడు శ్రీ విజయపురం అంటున్నారు, మా నోటికి ఇంకా తిరగలేదు). ఇక్కడ చేపల రేవుకి వెళ్తే తెలుగే వినిపిస్తుంది, అది కూడా మన శ్రీకాకుళం యాసే. వేటకెళ్ళేవాళ్ళలో మనవాళ్ళు చాలామంది. ఆ వేట జరిగేది పగడపు దిబ్బల పక్కనే. దిబ్బ పోతే మనవాళ్ళ కూడు పోతుంది.

నేను కళ్ళారా చూసింది చెప్తాను. 2010 వేసవి. ఏప్రిల్, మే నెలల్లో నీళ్ళలోకి దిగితే చల్లదనం అన్నదే లేదు, పొయ్యి మీద పెట్టి దించినట్టు ఉంది. ఒకరోజు లంగరు ఇరుక్కుంటే తీయడానికి మునిగాను. గోధుమ రంగులో, పాచి రంగులో ఉండే దిబ్బ కనుచూపు మేర తెల్లగా ఉంది. సున్నం కొట్టినట్టు. మొదట నాకు బాగుందనిపించింది కూడా. పైకి వచ్చి చెప్తే బోటు నడిపే మా సరంగు ముఖం మాడ్చుకున్నాడు. "తెల్లబడిందంటే ఆకలితో ఉందిరా" అన్నాడు. అప్పుడు అర్థం కాలేదు. ఇప్పుడు పై పోస్టు చదివితే అర్థమైంది. వేడికి ఆ నాచు బయటికి పోయి ఉంటుంది, వంట చేసేవాళ్ళు లేరు. కొన్ని చోట్ల మళ్ళీ రంగు వచ్చింది. కొన్ని చోట్ల పైన వేరే నాచు పట్టి ముద్దగా అయిపోయింది. అక్కడ ఈ రోజుకీ చేప సరిగ్గా నిలవదు.

వైజాగ్ ల్యాబ్ • ఆదివారం, మధ్యాహ్నం 2:02

అన్నయ్యా, మీ సరంగు గారు మా ప్రొఫెసర్ గంట చెప్పింది ఒక్క ముక్కలో చెప్పేశారు.

పగడం తెల్లబడిన వెంటనే చచ్చిపోదు. ఆ చోట మామూలుగా వేసవిలో ఉండే గరిష్ఠ వేడి కంటే ఒక్క డిగ్రీ ఎక్కువై, అది వారాల తరబడి నిలిస్తే నాచు వెళ్ళిపోతుంది. తొందరగా చల్లబడితే తిరిగి వస్తుంది. చల్లబడకపోతే ఆకలితో చస్తుంది. ప్రపంచమంతా ఇలా తెల్లబడటం 1998లో, 2010లో, 2014 నుంచి 2017 దాకా జరిగింది. నాలుగోసారి మొదలైందని 2024 ఏప్రిల్‌లో ప్రకటించారు. ఆ వేసవిలోనే లక్షద్వీప్‌లో బాగా దెబ్బతిన్నాయని కొచ్చిలోని సీఎంఎఫ్ఆర్ఐ (సముద్ర చేపల పరిశోధన సంస్థ) వాళ్ళు చెప్పారు. భూమి సగటు వేడి 1.5 డిగ్రీలు పెరిగితే పగడపు దిబ్బల్లో 70 నుంచి 90 శాతం పోతాయని, 2 డిగ్రీలైతే దాదాపు ఏమీ మిగలవని ఐపీసీసీ (వాతావరణ మార్పు మీద ఐక్యరాజ్యసమితి శాస్త్రవేత్తల సంఘం) 2018లోనే రాసింది.

పలాస జీడిపప్పు • ఆదివారం, సాయంత్రం 5:48

మాస్టారూ, మా బావ గ్యారేజీలో పాత లారీ టైర్లు నలభై దాకా ఉన్నాయి. ఫ్రీగా ఇస్తాడు. ట్రాక్టర్ కూడా పంపిస్తా. గట్టిగా తాళ్ళతో కట్టి దించేస్తే ఎక్కడికి పోతాయి? మంచి పనికి ఆలస్యం ఎందుకు?

వైజాగ్ ల్యాబ్ • ఆదివారం, సాయంత్రం 6:20

దయచేసి వద్దు!! సరిగ్గా ఇదే పని అమెరికాలో ఫ్లోరిడా తీరంలో 1970ల్లో చేశారు. ఆస్బర్న్ రీఫ్ అంటారు. దాదాపు ఇరవై లక్షల టైర్లు కట్టలు కట్టి సముద్రంలో వేశారు. కట్లు తెగిపోయాయి. టైర్లు అడుగున దొర్లుకుంటూ పోయి పక్కనే ఉన్న అసలు పగడాలను రాసి రాసి చంపాయి. తర్వాత మిలిటరీ డైవర్లు దిగి ఒక్కొక్కటీ పైకి తీయాల్సి వచ్చింది. అక్కడే అలా అయితే, తుఫాను లేని అక్టోబరు ఎరగని మన తీరంలో నలభై టైర్లు ఎవరి వలలోకి వస్తాయో ఊహించండి.

పలాస జీడిపప్పు • ఆదివారం, సాయంత్రం 6:31

సరే సరే, ట్రాక్టర్ క్యాన్సిల్. బావకి వేరే ఏదో చెప్తాను.

కోనాడ అమ్మాయి • ఆదివారం, రాత్రి 8:55

నాది విజయనగరం జిల్లా, పూసపాటిరేగ మండలం. మా జిల్లాకి ఉన్న సముద్రమే ఇంత, మీ శ్రీకాకుళం వాళ్ళలా గొప్పలు పోలేం. కానీ మా దగ్గర రాళ్ళు ఉన్నాయి. చింతపల్లి లైట్‌హౌస్ ఎందుకు కట్టారో తెలుసా? భీమిలి వెళ్ళే ఓడలు నీళ్ళలో ఉన్న రాళ్ళకి కొట్టుకోకుండా 1847లో కట్టించారు. ఇంగ్లీషు వాళ్ళ రాతల్లో వాటి పేరు శాంతపిల్లి రాళ్ళు. వైజాగ్ నుంచి డైవింగ్ వాళ్ళు ఇప్పుడు ఆ చుట్టుపక్కలే దిగుతుంటారు.

మా నాన్నకి ఆ రాళ్ళంటే ప్రాణం, భయం కూడా. రాళ్ళ దగ్గర కోనెం చేప పడుతుంది, మంచి రేటు. కానీ వల రాయికి పట్టిందంటే లాగకూడదు, కోసుకుని రావాలి. పోయినేడు మా వల సగం అక్కడే వదిలేశాం, అప్పు ఇంకా తీరలేదు. డైవింగ్ వాళ్ళ దగ్గర పని చేసే అబ్బాయి ఫోన్లో వీడియో చూపించాడు. రాయి చుట్టూ ఎవరివో పాత వలలు, నైలాన్ తాళ్ళు. వాటిలో ఇరుక్కుని చచ్చిన పీతలు, వాటిని తిందామని వచ్చి ఇరుక్కున్న చేపలు. మనిషి లేని వల, రాత్రీ పగలూ వేటాడుతూనే ఉంది. ఆ వల కింద ఒక చోట అరచెయ్యంత పగడం ఉంది. వల కదిలినప్పుడల్లా దాన్ని గీకుతోంది. నాన్నకి చూపిస్తే చాలాసేపు మాట్లాడలేదు. "నీలం తాడు మనదేనా?" అని మాత్రం అడిగాడు.

మాస్టారూ, మీ పిల్లలకి ఆస్ట్రేలియాలోని గ్రేట్ బారియర్ రీఫ్ కంటే ఇది చూపించండి.

టెక్కలి సెంటర్ • ఆదివారం, రాత్రి 9:40

అమ్మా, ఇది బాగుంది. ర్యాలీ కంటే వందరెట్లు నయం. కానీ వల పోగొట్టుకున్నవాడికి నష్టం ఎవరిస్తారు? నష్టం ఇవ్వకుండా "రాళ్ళ దగ్గర వేయొద్దు" అని బోర్డు పెడితే ఆ బోర్డుకే వల ఆరేస్తారు.

వెరావల్ రిటర్న్ • సోమవారం, తెల్లవారుజామున 4:50

నష్టం ఇచ్చిన చోటు ఉంది. చెప్తాను.

పదకొండేళ్ళు గుజరాత్‌లోని వెరావల్లో బోటు మీద కలాసీగా చేశాను. ఇప్పుడు ఎచ్చెర్ల దగ్గర మా ఊళ్ళోనే ఉంటున్నాను. 2018 నవంబరులో మనవాళ్ళని పాకిస్తాన్ పట్టుకుపోయి 2020 జనవరిలో వదిలాక మా అమ్మ ఇంక వెళ్ళనివ్వలేదు.

అక్కడ సముద్రానికి తిమింగల సొర వస్తుంది. బోటంత చేప. నోరు పెద్దదే గానీ మనిషిని ఏమీ చేయదు. ఒకప్పుడు దాన్ని చంపి కాలేయం నూనె తీసి చెక్క పడవలకి పూసేవారు, నీరు పట్టకుండా. 2001లో దాన్ని చంపకూడదని చట్టం వచ్చింది. చట్టం వచ్చింది సరే, ఎవరు వింటారు? 2004లో మొరారీ బాపూ అని వాళ్ళకి బాగా నమ్మకం ఉన్న కథకుడు ఒకాయన, అది పురుటికి పుట్టింటికి వచ్చిన కూతురు లాంటిది, కూతుర్ని ఎవరైనా చంపుతారా అన్నాడు. దానికి వ్హాలీ అని పేరు పెట్టారు, ముద్దుల కూతురు అని. అంతే, మాట మారిపోయింది. అయితే ఒక్క మాటతో కాలేదు. వలలో పడితే వల కోసి వదిలేసినవాడికి అటవీ శాఖ డబ్బు ఇచ్చేది. మా బోటు సేఠ్ (యజమాని) రెండుసార్లు తీసుకున్నాడు. వల కోసింది నేను, డబ్బు ఆయనకి, అది వేరే కథ. అలా వందల చేపలు బతికి బయటపడ్డాయి.

మనకి అలాంటి మాట కొత్తగా వెతుక్కోవాలా? శ్రీకూర్మం మన గార మండలంలోనే ఉంది. తాబేలు వలలో పడితే దండం పెట్టి వదిలే ముసలివాళ్ళు మా ఊళ్ళో ఇంకా ఉన్నారు.

గార మాస్టారు • మంగళవారం, ఉదయం 7:30

తమ్ముడూ, ఈ పోస్టు ప్రింట్ తీసి క్లాసులో చదివాను. వ్హాలీ అన్న పేరు పిల్లలకి తెగ నచ్చేసింది. ఒకడు వాళ్ళ చెల్లెల్ని అలాగే పిలుస్తున్నాడట, వాళ్ళమ్మ ఫోన్ చేసి అదేం పేరని అడిగింది.

ఇంకొక ఆలోచన. మా తోడల్లుడు అండమాన్ టూర్‌కి వెళ్తున్నాడు. ఒక పగడం ముక్క తెమ్మంటే పిల్లలు చేత్తో పట్టుకుని చూస్తారు కదా?

దీవుల్లో సోంపేట • మంగళవారం, ఉదయం 7:44

మాస్టారూ, ఆగండాగండి. ఒడ్డున దొరికిన చచ్చిన ముక్క కూడా బ్యాగులో పెట్టుకోకూడదు. ఎయిర్‌పోర్టులో పట్టుకుంటారు. వన్యప్రాణి చట్టంలో పులి ఉన్న మొదటి షెడ్యూల్లోనే దిబ్బలు కట్టే పగడాలు కూడా ఉన్నాయి. మీ తోడల్లుడి టూర్ పోలీస్ స్టేషన్‌లో ముగుస్తుంది. ఫోటోలు, వీడియోలు నేను పంపిస్తాను.

వైజాగ్ ల్యాబ్ • మంగళవారం, ఉదయం 11:10

పగడం బదులు గుల్లలు వాడండి మాస్టారూ. పగడం కట్టుకునే గూడూ, గుల్లా ఒకే పదార్థం, కాల్షియం కార్బొనేట్. ఒడ్డున దొరికే గుల్లల్ని నిమ్మరసంలో వేస్తే బుడగలు వచ్చి మెల్లగా కరుగుతాయి. సముద్రం నిమ్మరసం అయిపోదు, అలా చెప్తే పిల్లలు భయపడతారు. కానీ గాల్లో పెరిగిన కార్బన్ డయాక్సైడ్ నీళ్ళలో కరిగి, ఆ నీళ్ళ గుణం కొంచెం ఆమ్లం వైపు జరుగుతోంది. గుల్ల కట్టుకునే జీవాలకి కట్టడం కష్టమవుతోంది.

ఇచ్ఛాపురం తాతయ్య • మంగళవారం, మధ్యాహ్నం 12:05

గుల్లలంటే గుర్తొచ్చింది. మా చిన్నప్పుడు ఇళ్ళకి గుల్ల సున్నమే. బట్టీలో కాలుస్తుంటే పొగ ఊరంతా. పగడాల్ని కూడా అలా కాల్చేవారా?

వైజాగ్ ల్యాబ్ • మంగళవారం, మధ్యాహ్నం 1:30

కాల్చారు తాతయ్యా. తమిళనాడులో మన్నార్ సింధుశాఖలో 21 దీవులు ఉండేవి, చుట్టూ పగడాలు. సున్నానికి, ఇళ్ళ కట్టుబడికి ఏళ్ళ తరబడి తవ్వుకుపోయారు. అలలకి అడ్డం లేకుండా పోయి రెండు దీవులు, పూవరసన్‌పట్టి, విలంగుచల్లి, నీళ్ళ కింద మునిగిపోయాయి. 2004 సునామీ తర్వాత ఆ దిబ్బలే తమకి గోడ అని ఊళ్ళవాళ్ళు గట్టిగా నమ్మారు, తవ్వకం ఆగింది.

పగడాలు మళ్ళీ నాటే పని కూడా అక్కడ 2002 నుంచి తూత్తుకుడిలోని ఒక పరిశోధన సంస్థ చేస్తోంది. మొక్క అంటు కట్టినట్టే ఉంటుంది. బతికి ఉన్న పగడం నుంచి వేలెడు ముక్క తీసి, సిమెంట్ పలక మీద కట్టి, ఇనుప బల్ల లాంటి దాని మీద నీళ్ళలో పెడతారు. పైన వేరే నాచు పట్టకుండా బ్రష్‌తో తుడుస్తూ ఉండాలి. నారుమడికి కలుపు తీయడం అనుకోండి. కలుపు తీయకపోతే నారు పోతుంది, ఇదీ అంతే.

కానీ ఒక్క మాట నిజాయితీగా చెప్పాలి. వేడి తగ్గకుండా ఎన్ని నాటినా లాభం తక్కువ. ఫ్లోరిడాలో 2023 వేసవిలో నీళ్ళు ఎంత కాగాయంటే, సముద్రంలో పెంచుతున్న నారుని మునిగి తీసుకొచ్చి ఒడ్డున తొట్లలో పెట్టుకోవాల్సి వచ్చింది.

కోనాడ అమ్మాయి • మంగళవారం, రాత్రి 8:15

ఆ బ్రష్ సంగతి ఎవరూ చెప్పరు. మా పక్క ఊరికి మూడేళ్ళ కిందట ఒక సంస్థ వచ్చింది, పేరు వద్దులెండి. సిమెంట్ రింగులు తెచ్చి చేపల ఇళ్ళు అన్నారు. టోపీలు పంచారు, డ్రోన్ ఎగరేశారు. ఎక్కడ వేయాలో ఊరివాళ్ళని అడగలేదు, సరిగ్గా చిన్న పడవలు వల వేసే దారిలో వేశారు. మొదటి నెలలోనే మా చిన్నాన్న వల చిరిగింది. ఫోన్ చేస్తే "ప్రాజెక్టు అయిపోయిందండీ" అన్నారట. ఒక్క రింగు ఎలా ఉందో చూడ్డానికి ఎవరూ మళ్ళీ రాలేదు. రింగులు తప్పని నేను అనను. సరైన చోట వేస్తే చేప చేరుతుందని నాన్నే అంటాడు. ముందు రేవులో కూర్చుని అడగాలి, తర్వాత వచ్చి చూడాలి.

టెక్కలి సెంటర్ • మంగళవారం, రాత్రి 8:32

నేను మొదట అన్నది కొంచెం వెనక్కి తీసుకుంటున్నాను. కొంచెమే. పోర్టు మాట వెనక్కి తీసుకోను.

ఒక సలహా. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ నుంచి చేపలు ఎక్కడ ఉండొచ్చో మన బోట్లకి సమాచారం వస్తుంది కదా, అదే సంస్థ ఉపగ్రహాలతో సముద్రం వేడి చూసి అండమాన్, లక్షద్వీప్, మన్నార్, కచ్ దిబ్బలకి ముందస్తు హెచ్చరిక కూడా ఇస్తుంది. పిల్లల చేత ఆ మ్యాపు చూడ్డం నేర్పించండి. మామయ్య అండమాన్‌లో ఉంటే అక్కడ నీళ్ళు ఎంత కాగుతున్నాయో ఇక్కడ కూర్చుని ఈ పిల్లే ఫోన్ చేసి చెప్తుంది.

గార మాస్టారు • ఆ పై శనివారం, మధ్యాహ్నం 12:40

ర్యాలీ మానేశాం. హెడ్ మాస్టారికి కొంచెం కోపం వచ్చింది, ప్లకార్డులు అప్పటికే రాయించేశారట.

ఈ ఉదయం పద్దెనిమిది మందిని రేవుకి తీసుకెళ్ళాను. ల్యాబ్ థర్మామీటర్‌కి తాడు కట్టి, మోకాలి లోతు నీళ్ళలో ఐదు నిమిషాలు ఉంచి చదవాలి. ప్రతి శనివారం ఏడు గంటలకి, అదే చోట. ఒడ్డున పాత వల ముక్కలు ఏరారు, స్కూలుకి తెచ్చి తూచాం, నాలుగు కిలోల చిల్లర. ఆ వలలు చూసి ముసలాయన ఒకాయన తనంతట తానే వచ్చి, ఏ వల ఎవరి ఊరిదో ముడి చూసి చెప్పాడు. పిల్లలు నోరు తెరుచుకుని విన్నారు, నేనూ విన్నాను. వచ్చేవారం కూడా రమ్మని అడిగాం. చూద్దాంలే బాబూ అన్నాడు.

ప్రశ్న అడిగిన పిల్లకి వంశధార బురద సంగతి చెప్పాను. "అయితే మాస్టారూ, బురద రాని చోటు మన దగ్గర ఎక్కడుంది?" అంది. మళ్ళీ రేపు చెప్తానన్నాను.

ఒక ఇబ్బంది వచ్చింది. మొదటి రీడింగ్ 35 డిగ్రీలు రాశారు. నేను కంగారు పడ్డాను. తీరా చూస్తే థర్మామీటర్ నీళ్ళలోంచి తీసి, ఎండలో పట్టుకుని, వరసగా అందరూ చూశాక రాశారు. రెండోసారి నీళ్ళలో ఉండగానే చదివితే 29.

వైజాగ్ ల్యాబ్ • శనివారం, మధ్యాహ్నం 1:05

29 నమ్మొచ్చు. వచ్చేవారం బకెట్‌తో నీళ్ళు తీసి, గొడుగు నీడలో, థర్మామీటర్ బకెట్‌లో ఉంచే చదివించండి. ప్లాస్టిక్ బకెట్ వాడండి, ఇనుపది వద్దు. 35 కొట్టేయకండి మాస్టారూ, పక్కన "ఎండలో" అని రాసి ఉంచండి.